తిరగేసినా అదే పదం: తెలుగులో అక్షరాన్ని ఎక్కడ కోయాలి?

కోడ్_కాపరి
ఆగస్టు 29కి మా కాలనీ పిల్లల చేత తెలుగు మాటల ఆట ఆడిద్దామని చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నా. పదం టైపు చేస్తే అది ముందునుంచీ వెనకనుంచీ ఒకేలా ఉందో లేదో చెప్పాలి, అంతే. మొట్టమొదట "వికటకవి" కొట్టా. కాదు అంది! తిరగేసి చూపించమంటే ముందు చుక్కల సున్నా మీద ఒక గుడి, ఆ పక్కన "వకటకివ" అని వచ్చింది. వికటకవే కాదంటే ఇక పిల్లలకి ఏ పదం చూపించను? "కిటికీ" కూడా కాదంటోంది. దీన్ని ఎలా బాగుచెయ్యాలో చెప్పండి. పనిలో పనిగా ఇలాంటి పదాలు తెలిసినవాళ్ళు ఇక్కడ పడెయ్యండి.

సగం_అక్షరం
కంప్యూటర్ దాచుకునేది అక్షరాన్ని కాదు, ముక్కల్ని. "వి" మనకి ఒక అక్షరం. కంప్యూటర్లో ప్రతి ముక్కకీ ఒక సంకేతం ఇచ్చే పట్టిక యూనికోడ్. యూనికోడ్‌లో వ ఒకటి, గుడి ఇంకొకటి. వికటకవి మనం రాసేది 5 అక్షరాలు, అది చూసేది 7 సంకేతాలు. తిరగేస్తే చివరి గుడి ముందుకొచ్చి ఆధారం లేక చుక్కల సున్నా ఎక్కి కూర్చుంటుంది, మొదటి గుడి పోయి క కి తగులుకుంటుంది. నీకు కనిపించింది అదే.

గ్రాఫీమ్ క్లస్టర్ల (మన కంటికి ఒక్క అక్షరంగా కనబడే ముక్కల గుంపుల) వారీగా విడగొట్టి, ఆ ముక్కల్ని తిరగెయ్యి. కానీ ఒత్తుల దగ్గర జాగ్రత్త. పాత లైబ్రరీలు (ఎవరో రాసిపెట్టిన, మనం వాడుకునే కోడ్) "నర్తన"ని న, ర్, త, న అని నాలుగుగా కోస్తాయి. తిరగేస్తే "నతర్న" వస్తుంది. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదు. కొత్త లైబ్రరీ అయితే న, ర్త, న అని సరిగ్గా కోస్తుంది.

గోదారిగట్టు
పదాలు తీసుకో: కునుకు, పులుపు, టమాట, నలిన, జలజ, మహిమ, నవీన, మధ్యమ. పొడుగువి కావాలంటే మందారదామం, జంబీరబీజం.

కిటికీని మాత్రం ఎందుకు కాదంటున్నావో అర్థం కాలేదు. చిన్నప్పట్నుంచి బళ్ళో అందరూ చెప్పేది అదేగా.

పొడుపుకథ
ఎందుకంటే మొదట కి, చివర కీ. హ్రస్వం వేరు, దీర్ఘం వేరు. తిరగేస్తే "కీటికి" అవుతుంది, అలాంటి మాట తెలుగులో లేదు. మరి "కలప" తిరగేస్తే "పాలక" అంటే ఒప్పుకుంటారా?

నల్గొండ_నర్సన్న
పలక తిరగేస్తే కలప అయితది అన్నా 😀 ఇంకో ఆట దొరికింది చూడు. తిరగేస్తే వేరే మాట అయ్యేటియి గూడ పెట్టు పిల్లలకు.

కిటికీని తీసేస్తే మాత్రం నేనొప్ప. మా దిక్కు కిటికి అనే అంటరు, సాగదీసేటోడు ఎవ్వడు లేడు.

పాతబడి_మాస్టారు
కిటికీ పంచాయితీలోకి తర్వాత వస్తాను. ముందు ఈ పద్యం చూడండి. నంది తిమ్మన పారిజాతాపహరణంలోది. రాయలవారి ఆస్థానం, అంటే 16వ శతాబ్దం తొలినాళ్ళు.

నాయశరగసారవిరయ
తాయనజయసారసుభగధరధీనియమా
మాయనిధీరధగభసుర
సాయజనయతాయరవిరసాగరశయనా

ఇది కంద పద్యం. వేలు పెట్టి చివరి "నా" దగ్గర్నుంచి వెనక్కి చదవండి: నా, య, శ, ర, గ, సా, ర, వి, ర... మళ్ళీ అదే పద్యం. రెండో పాదం చివరి "మా", మూడో పాదం మొదటి "మా" అద్దం పెట్టిన చోటు. అక్కణ్ణించి అటూ ఇటూ సరిసమానం.

ఇందులో రెండు విషయాలు గమనించండి. పద్యం మొత్తం మీద ఒక్క సంయుక్తాక్షరం గానీ, ఒక్క సున్నా గానీ లేదు. ఒత్తు పెడితే తిరగేసినప్పుడు ముందున్న లఘువు గురువైపోయి గణం చెడుతుంది. అందుకని కవి అసలు ఆ జోలికే పోలేదు. రెండోది, తిమ్మన లెక్కపెట్టింది గుణింతంతో సహా అక్షరాన్ని. "సా"కి "సా"నే, "ధీ"కి "ధీ"నే. ఎక్కడా "స"తో సరిపెట్టుకోలేదు.

కాబట్టి కిటికీ తేలిపోయింది. తిమ్మన ఒప్పుకోడు.

గోదారిగట్టు
మాస్టారూ, పద్యం అదిరింది. ఇప్పుడే వేలు పెట్టి చదివా, "సాగరశయనా" నుంచి వెనక్కి వస్తుంటే ఒళ్ళు పులకరించింది. దానికి ప్రాస కూడా కుదిరింది కదా: నాయ, తాయ, మాయ, సాయ. వెనక్కి చదివినా మళ్ళీ అదే పద్యం గనక ప్రాస ఎక్కడికీ పోదు. ఒకే దెబ్బకి గణాలు, యతి, ప్రాస, విలోమం!

కోడ్_కాపరి
కొత్త లైబ్రరీ పెట్టా. వికటకవి అవునంది, నర్తన అవునంది, మాస్టారి పద్యం పాదాలన్నీ కలిపి ఇస్తే దానికీ అవునంది! ఇంకో చిక్కు. "సరసం", "నర్తనం", "సమాసం" కాదంటోంది, చివర సున్నా ఉంది కాబట్టి. ఇవి చేర్చాలా వద్దా?

పొడుపుకథ
వద్దు. స వేరు, సం వేరు. కిటికీకి ఒక న్యాయం, సరసానికి ఒక న్యాయమా?

పాతబడి_మాస్టారు
న్యాయం ఉంది, అదీ పాతదే. వాగ్భటాలంకారం అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథంలో చెప్పారు: యమకంలో, శ్లేషలో, చిత్రకవిత్వంలో (అంటే ఇలాంటి అక్షరాల గారడీలో) బ-వలకు భేదం లేదు, డ-లలకు భేదం లేదు, అనుస్వారం విసర్గ అడ్డొచ్చినా చిత్రానికి భంగం కాదు అని. సంస్కృతంలో రామకృష్ణ విలోమ కావ్యం ఉంది చూశారా, ముందుకి చదివితే రాముడి కథ, వెనక్కి చదివితే కృష్ణుడి కథ. అందులో మొదటి శ్లోకం సగభాగం "దయాశ్రీః" అని ముగుస్తుంది, తిరగేస్తే "శ్రీయాదవం" అని మొదలవుతుంది. విసర్గ ఏమైంది? వదిలేశాడు. అది ఆ నియమం ఇచ్చిన వెసులుబాటే.

దాని ప్రకారం సరసం, నర్తనం చేర్చొచ్చు. ఆ నియమంలో హ్రస్వదీర్ఘాలకి మాత్రం మినహాయింపు లేదు. కాబట్టి కిటికీ ఇంకా బయటే.

నల్గొండ_నర్సన్న
కిటికీ బయట లేకుంటే గాలెట్ల వస్తది మాస్టారూ.

గోదారిగట్టు
😂😂

నా మాట విను కోడ్_కాపరీ, పిల్లల ఆటకి బ-వ, డ-ల మాత్రం ఒకటే అనకు. ఒత్తులు పెట్టడానికే తంటాలు పడుతున్నారు, మళ్ళీ డ బదులు ల రాసినా సరేనంటే బళ్ళో పంతులమ్మ మన వెంటపడుతుంది. సున్నా వరకు సడలించు, చాలు.

డల్లాస్_అత్తయ్య
ఇక్కడ పుట్టిన మా పిల్లలకి చదవడం రాదు, మాట్లాడ్డం వచ్చు. వాళ్ళతో ఇది నోటితోనే ఆడిస్తాను. చప్పట్లు కొడుతూ వి-క-ట-క-వి అంటే ఇట్టే పట్టేశారు. ఇంగ్లిష్ పాలిండ్రోమ్ అయితే స్పెల్లింగ్ రాసి చూపిస్తే తప్ప తెలియదు, తెలుగుది చెవికి తెలిసిపోతుంది. నా దృష్టిలో అక్షరం కాగితం మీద కన్నా ముందు చెవిలోనే ఉంది.

నల్గొండ_నర్సన్న
అత్తయ్య మాట నిజం. మా ఊర్ల బడికి పోకముందే "క" భాష మాట్లాడేటోళ్ళం, పెద్దోళ్ళకు సమజ్ కావద్దని. ప్రతి అక్షరం ముంగట క పెట్టుడే. "కరాకమ కకీకడ కరా" అంటె "రామ, కీడ రా" అని కాదు మల్ల, మా దోస్తును "గీడ రా" అని పిలుసుడు. గ ని గూడ క చేసేటోళ్ళం, పట్టుకునేటోడు ఇంకింత పరేషాన్ కావాలని.

సగం_అక్షరం
నర్సన్నా, ఒకటి అడుగుతా. "అమ్మ"ని క భాషలో ఏమనేవాళ్ళు?

నల్గొండ_నర్సన్న
కఅకమ్మ.

డల్లాస్_అత్తయ్య
మేము "కఅమ్-కమ" అనేవాళ్ళం! మాది ఒంగోలు వైపు.

సగం_అక్షరం
ఇదీ నాకు కావలసింది. నర్సన్న వాళ్ళు రాత ప్రకారం కోశారు: అ, మ్మ. అత్తయ్య వాళ్ళు పలుకుబడి ప్రకారం కోశారు: అమ్, మ. రెండూ తెలుగే. కంప్యూటర్‌కి ఇంకో కోత. అందుకే "తెలుగులో అక్షరం అంటే ఏది" అన్న ప్రశ్నకి ఒకటే జవాబు ఉండదనిపిస్తుంది.

పాతబడి_మాస్టారు
ఉండదు, ఉండక్కర్లేదు కూడా. మన పెద్దవాళ్ళు ఏ ఆటకి ఆ కోత పెట్టారు. అవధానమే చూడండి. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటాడు. అక్కడ గుణింతం, ఒత్తు అన్నీ కలిపి మొత్తం అక్షరం లెక్క. నిషిద్ధాక్షరికి వస్తే అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత రాబోయేది ఊహించి పృచ్ఛకుడు "సకారం వద్దు" అంటాడు. అక్కడ నిషేధం హల్లుకే. స అన్నా సీ అన్నా సో అన్నా కుదరదు. ప్రాసలోనూ హల్లే కలవాలి, అచ్చు ఏదైనా ఫర్వాలేదు. యతికి వచ్చేసరికి హల్లుతో పాటు అచ్చుకీ మైత్రి ఉండాలి. ఒకే పద్యంలో అవధాని ఇన్ని రకాల కత్తెర్లు పట్టుకు తిరుగుతాడు. పక్కనుంచి అప్రస్తుతప్రసంగం చేసేవాడు కాఫీ తాగారా, కారెక్కడ పెట్టారు అని సతాయిస్తూనే ఉంటాడు.

తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యని జనం మధ్యకి తెచ్చారు. అది పండితుల గదుల్లో ఉండిపోయి ఉంటే ఈ పాటికి మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

పొడుపుకథ
కోతల మాట వచ్చింది కాబట్టి: నిరోష్ఠ్యం, అంటే పెదవులు తగలకుండా పలికే రచన, మర్చిపోయారు. అక్కడ రాత పనికిరాదు, పెదవులే సాక్షి. ప వర్గం ఐదూ వద్దు. ఉ ఊ ఒ ఓ ఔ వద్దు, వాటి గుణింతాలూ వద్దు. వ కూడా వద్దు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు తన కథంతా ఇలాగే చెబుతాడు, ప్రియురాలు కొరికిన పెదవి నొప్పిగా ఉందని!

తెలుగులో ఇది సంస్కృతం కన్నా చాలా కష్టం. మన మాటల్లో సగం ఉకారంతో ముగుస్తాయి: డు, ము, వు, లు. "రాముడు" అనడానికే లేదు, లక్ష్మణుడు, రావణుడు, హనుమంతుడు ఎవరూ రారు. అయినా మరింగంటి సింగరాచార్యులు రామాయణం మొత్తం నిరోష్ఠ్యంగా రాశారు. దాని పేరు చూడండి: దశరథరాజనందన చరిత్ర. పైకి చదవండి. పెదవులు తగలవు.

డల్లాస్_అత్తయ్య
ద-శ-ర-థ-రా-జ-నం-ద-న... అయ్యో నిజమే! పుస్తకం పేరులోనే పెట్టేశారు!

పాతబడి_మాస్టారు
మా తాతగారు పెదవుల మధ్య అగ్గిపుల్ల నిలువుగా పెట్టుకుని చదివించేవారు. పుల్ల పడిపోతే అక్కడ ఓష్ఠ్యం ఉన్నట్టు. పిల్లలకి ఇది పెట్టండి కోడ్_కాపరి గారూ, ప్రోగ్రామ్ అక్కర్లేదు.

గోదారిగట్టు
ఆడేద్దాం ఇక్కడే. తలా ఒక వాక్యం. నాది: నాకీ ఆట నచ్చిందండీ.

నల్గొండ_నర్సన్న
నాకు కష్టంగా ఉంది.

పొడుపుకథ
"కు" దగ్గర పుల్ల పడింది. "ఉం" దగ్గర రెండో పుల్ల కూడా పడింది.

నల్గొండ_నర్సన్న
అది కష్టం.

పొడుపుకథ
ఇది సూక్ష్మమైనది. మాట చివర సున్నాని మనం మ్ అని పలుకుతాం, పెదవులు మూసుకుంటాయి. అదే సున్నా "కష్టంగా"లో గ ముందు వస్తే నాలుక వెనకభాగం పని చేస్తుంది, "నచ్చింది"లో ద ముందు న్ అవుతుంది. రాతలో ఒకటే గుర్తు, నోట్లో మాత్రం తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది. ఈ ఆట ఆడితే గానీ ఆ తేడా ఎవరికీ పట్టదు.

డల్లాస్_అత్తయ్య
అత్తగారింటికెళ్ళా, అరిసెలిచ్చారండీ.

పొడుపుకథ
ఎక్కడా పడలేదు! అచ్చమైన వాడుక తెలుగు కూడా. అత్తయ్యగారికే మొదటి బహుమతి.

నల్గొండ_నర్సన్న
అరిసెలు అనకుండ అరిసెలిచ్చారండీ అని లు ను మింగేసింది చూడు, ఉపాయం దొరికింది. గిట్లయితే: సీతా, ఇలా రా, నీకీ చెక్కెర ఇస్తా.

పొడుపుకథ
నెగ్గావు అన్నా.

గళ్ళపిచ్చి
మొత్తం ఇప్పుడే చదివా. దత్తపదిని (ఇచ్చిన పదాలన్నీ వచ్చేలా పద్యం చెప్పడం) ఎవరూ ముట్టుకోలేదేం? అందులో పదాన్ని పదంలా వాడకుండా, వేరే పదాల పొట్టలో దాచడమే సరదా. పక్కపక్క మాటల మధ్య అతుకు మీద వచ్చినా చెల్లుతుంది. నేను ఇస్తున్నా: పూరి, దోసె, వడ, అట్టు. టిఫిన్ అర్థం రాకూడదు. విషయం కుచేలుడు. మాస్టారూ?

నల్గొండ_నర్సన్న
దోసె, అట్టు రెండూ ఒకటే గదనె. హోటల్ వాడు గూడ రెండు బిల్లులు వెయ్యడు.

గోదారిగట్టు
ఒకటి కాదు! మా వైపు పెసరట్టుని దోసె అని చూడు, తెలుస్తుంది.

పాతబడి_మాస్టారు
ఆటవెలదిలో ప్రయత్నించాను:

పూరి యింటి నుండి పొట్లమ్ము చేబూని
దోసెడటుకు లొసగ దొరను జేరె
వడలినట్టులున్న వానిని హరి చూచి
కన్ను చెమ్మగిల్ల కౌగిలించె

పూరి గుడిసెకి పోయింది, దోసె దోసెడు అటుకుల్లోకి పోయింది, వడ వడలిపోయింది. అట్టు మాత్రం "వడలినట్టు"లో సంధిలో కలిసింది. యతులు పూ-పొ, దో-దొ, వ-వా, క-కౌ.

గళ్ళపిచ్చి
"వడలినట్టులున్న" ఒక్క మాటలో వడ, అట్టు రెండూ ఇరికించారు! కుచేలుడే కావాలన్నందుకు అటుకులు ఎలాగూ వచ్చాయి, అది అడక్కుండా దొరికిన ఐదో టిఫిన్.

కోడ్_కాపరి
మాస్టారూ, ఈ పద్యం పిల్లలకి చూపించొచ్చా? టిఫిన్లు ఎక్కడ దాక్కున్నాయో వెతకమంటాను. నాలుగో తరగతి పిల్లలు కూడా పట్టేస్తారు.

పాతబడి_మాస్టారు
నిరభ్యంతరంగా. దొరికాక పైకి రాగం తీసి చదివించండి, కళ్ళతో వెతికితే సరిపోదు.

సగం_అక్షరం
కోడ్_కాపరీ, ఆ వెతుకులాట ప్రోగ్రామ్‌తో చేయిస్తే "అట్టు" దొరకదు, చూసుకో. "వడలినట్టు"లో అ అనే అక్షరం లేదు, న లోపల ఉన్న అకారం ఉంది. మనకి వినబడుతుంది, దానికి కనబడదు. ముందు పదాన్ని హల్లులు, అచ్చులుగా విడదీసి అప్పుడు వెతకాలి. అంటే ఈ ఆటకి ఇంకో కోత.

గళ్ళపిచ్చి
గళ్ళ పజిల్‌కి మాత్రం మాస్టారి న్యస్తాక్షరి కోతే. గడికో అక్షరం, గుణింతం ఒత్తు సున్నా అన్నీ ఆ గడిలోనే. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు కూర్చోబెట్టి కూర్చిన ఆట ఇది. నేను కూర్చేవాటిలో పొల్లుకి మాత్రం విడి గడి ఇస్తాను, కొందరు ముందు అక్షరంతో కలిపేస్తారు. దానిమీద మా గుంపులో ఇప్పటికీ గొడవే. నా పక్షం ఏంటంటే, "సర్కార్" అని రాస్తే చివర ర్ ని ఒక అక్షరంలా విడిగా చూస్తాం కాబట్టి గడి దానికి రావాలి.

నర్సన్న చెప్పిన తిరగేసే మాటలతో ఆధారాలు ఇస్తున్నా, పిల్లల ఆటలో పెట్టుకోవచ్చు. అన్నీ రెండక్షరాలే:
లక్ష్మి అడ్డం తిరిగితే యంత్రం.
రోజు వెనక్కి పారింది.
కోతి తిరగబడి కాలు పట్టుకుంది.

డల్లాస్_అత్తయ్య
మొదటిది మర. రమ తిరగబడింది. రెండోది నది, దిన నుంచి.

గోదారిగట్టు
మూడోది పిక! కపి తిరగేస్తే పిక. కాలు పట్టుకోవడం అంటే ఇదా, బాగా తిప్పావు.

గళ్ళపిచ్చి
మూడక్షరాలది ఇంకొకటి: ఎటు తిరిగినా వయ్యారమే.

నల్గొండ_నర్సన్న
కులుకు. గిది నాకు ఇడిసిపెట్టిండ్రు, సంతోషం. నేనొకటిస్త, దీనికి జవాబు రేపటి దాక ఎవ్వరు చెప్పొద్దు, కోడ్_కాపరి పిల్లల్నే చెప్పనీయండ్రి: రాసేది తలకిందులు చేస్తే ఇంటి దూలమైతది, మూడక్షరాలు.